మా మావయ్యగారి ఫిక్స్‌డ్ వడ్డీ

పోయిన ఆదివారం రైతు బజారులో దోసకాయలు ఏరుకుని బయటికి వస్తుంటే, గేటు పక్కన షామియానా వేసి ఏదో బ్యాంకు వాళ్లు ఇంటి అప్పుల మేళా పెట్టారు. బ్యానరు మీద పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న ఆలుమగలు, వాళ్ల చేతిలో తాళంచెవి, కింద "ఫిక్స్‌డా? ఫ్లోటింగా? ఎంపిక మీదే" అన్న పెద్ద అక్షరాలు. మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి ఒకతె ఎదురొచ్చి నా చేతిలో కాగితం పెట్టబోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, నాలుగు రాళ్ల జీతం కోసం ఎండలో నిలబడింది, అయినా "ఎంపిక మాది ఎప్పుడైందమ్మా" అని కటువుగానే అనేసి వచ్చేశాను. ఇంటికొచ్చి దోసకాయ చెక్కు తీసి అలవాటు ప్రకారం ముక్క నోట్లో వేసుకుని చూస్తే తియ్యగానే ఉంది, చేదంతా నా నోట్లోదే.

మన ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, మన వైపు వడ్డీని శాతాల్లో లెక్కపెట్టేవాళ్లు కాదు. వందకి నెలకి ఎంత అన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే ధర్మవడ్డీ, బ్యాంకు భాషలో ఏడాదికి పన్నెండు శాతం. రెండు రూపాయలంటే మామూలు. మూడు రూపాయలంటే పుచ్చుకునేవాడికి పీకల మీదకి వచ్చిందని అర్థం. మిరప నారు పోసేటప్పుడు తెచ్చుకుని, కల్లంలో కాయ ఎండి గుంటూరు యార్డుకి వెళ్లాక తీర్చేవాళ్లు. ఈలోగా మిర్చి ధర ఆకాశానికి పోనీ, పాతాళానికి పోనీ, డబ్బు చేతులు మారిన రోజున నోటితో అన్న వడ్డీ మాత్రం కదిలేది కాదు. ఇంకో మర్యాద కూడా ఉండేది. గడువుకి ముందే డబ్బు తెచ్చినవాడిని మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, లెక్క చూసి, వడ్డీలో ఆఖరి నెలది కొట్టేసేవాళ్లు. ముందు తెచ్చినవాడు పెద్దమనిషి కింద లెక్క.

ఈ పద్ధతులన్నిటికీ మనిషి రూపం కడితే మా మావయ్యగారు, మా వారి నాన్న. అద్దంకి దగ్గర పల్లెలో మిరపా పత్తీ వేసేవారు, అవసరానికి నలుగురి దగ్గర పుచ్చుకునేవారు, కలిగిన ఏడు నలుగురికి ఇచ్చేవారు. నోటు రాయించుకోవడం ఆయన దృష్టిలో అవతలి మనిషిని దొంగ అనడంతో సమానం. ఊళ్లో ఆయనకి ఉన్న పేరు గొప్పదే, ఆ మాట ఒప్పుకుంటాను. ఆయనంటే నాకు ప్రేమ ఉండేదని మాత్రం చెప్పను. పొద్దున్నే బస్సు దిగి గుంటూరులో మా అద్దె ఇంటికి రావడం, వచ్చీ రాగానే కుర్చీ ఫ్యాను కిందకి జరుపుకోవడం, నా కూరలో కారం లేదని మా వారితో చెప్పడం, కాపురానికి వచ్చిన మొదటి నెల నుంచీ నా జీతం ఎంతో, అందులో ఎంత మిగిలిందో అడగడం, ఇవన్నీ ఆయనకి తన హక్కులు. నా జీతం గురించి నన్నెవరైనా లెక్క అడిగితే నాకు ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది.

ఆ జీతం మీదే మా ఇల్లు లేచింది. నేను పొన్నూరు దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. మా వారు పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. మిల్లు జీతానికి కాగితం పత్రం ఏమీ ఉండేది కాదు కాబట్టి, రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మేము ఇల్లు కట్టుకోవాలనుకున్నప్పుడు అప్పు నా పేరు మీదే పుట్టింది. బ్యాంకు పేరు చెప్పాలని నోరు దురదగా ఉంది గానీ, వద్దు లెండి. హామీ సంతకానికని మావయ్యగారు కూడా వచ్చారు. మేనేజరు నన్ను కూర్చోమని, రెండు రకాల వడ్డీ ఉందని చెప్పడం మొదలుపెట్టి, రెండో వాక్యానికల్లా మొహం మగవాళ్ల వైపు తిప్పేశాడు. నేను పేపరు చదివేదాన్ని. వడ్డీలు దిగుతున్నాయని, ఫ్లోటింగు తీసుకోమని, తనూ అదే తీసుకున్నానని మా స్కూల్లో లెక్కల మేష్టారు కూడా చెప్పారు. ఆ మాట అక్కడ గట్టిగానే అన్నాను. మావయ్యగారు నన్ను వినిపించుకోకుండా ఫ్లోటింగు అంటే ఏమిటని మేనేజర్ని అడిగారు. మార్కెట్టుని బట్టి మారుతుందని అతను చెప్పగానే ఆయన తల అడ్డంగా ఊపారు.

"మిర్చి ధరా మారుద్ది, వానా మారుద్ది, వడ్డీ కూడా మారితే ఇంక మనం దేన్ని పట్టుకు నిలబడాలయ్యా?"

మరి రెండోది మారదు కదా అని అడిగితే, మేనేజరు నవ్వి ఫిక్స్‌డ్ అంటే ఫిక్స్‌డేనండీ అన్నాడు. అంతే. మావయ్యగారికి అది ఎదుటి మనిషి నోటితో అన్న మాట. ఆ అంకెని ఆయన తన లెక్కలోకి మార్చుకున్నారు: ముప్పావలాకి, అంటే తొమ్మిది శాతానికి పైన, రూపాయికి లోపల. ధర్మవడ్డీ కంటే తక్కువే. ఫ్లోటింగు కంటే కాస్త ఎక్కువేనని నేను అంటే, మాట మీద నిలబడేవాడికి ఆ మాత్రం ఎక్కువ ఇవ్వొచ్చన్నారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుండే మా వారు గోడ మీద క్యాలెండరులో పండగలు చూస్తూ కూర్చున్నారు. సంతకం పెట్టాను. రోజూ బస్సులో నిలబడి వెళ్లి, నోట్లో సుద్దపొడి పోసుకుని, సంపాదించేది నేనైతే, నా అప్పు ఎలాంటిదో తేల్చేది ఈ మావయ్యగారా అని ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

తర్వాత వడ్డీలు దిగాయి. కొంచెం కాదు, మెట్లు దిగినట్టు దిగుతూనే పోయాయి. లెక్కల మేష్టారి వడ్డీ ముప్పావలాకి కూడా కిందకి పోయింది. స్టాఫ్ రూములో నాకు ఫిక్స్‌డ్ టీచరని పేరు పెట్టారు. టీ తాగుతూ ఒకరు అనడం, మిగతావాళ్లు గ్లాసుల్లోకి చూసి నవ్వడం. నేను కూడా నవ్వి, ఆ కోపం అంతా ఇంటికి మోసుకొచ్చి మావయ్యగారు వచ్చిన రోజు అన్నంతో పాటు వడ్డించేదాన్ని. ఆయన కంచంలోంచి తల ఎత్తకుండా, మనకి నష్టం వచ్చిందని మాట మార్చమంటే రేపు వాళ్లకి నష్టం వచ్చినప్పుడు వాళ్లూ మార్చమంటారు కదా అనేవారు. ఓ సెలవు రోజు నేనే బ్యాంకుకి వెళ్లి అడిగాను, అందరికీ తగ్గించారు కదా, మాకూ కొంచెం తగ్గించమని. ఒప్పందం ఒప్పందమేనండీ, మీరే కోరి తీసుకున్నారు అన్నారు. "కోరి" అన్న ఆ ఒక్క మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దుఃఖంతో కాదు.

కాలం అటు తిరిగి ఇటు తిరిగి, మళ్లీ వడ్డీలు ఎక్కడం మొదలైంది. లెక్కల మేష్టారి మొహం నెలనెలా పొడుగైంది. నా పేరు స్టాఫ్ రూములో ఎవరూ ఎత్తడం మానేశారు. మావయ్యగారికి ఈ సంగతి ఎవరు చెప్పారో గానీ, ఆ వారమే బస్సు దిగారు. ఒక్క మాట దెప్పలేదు. కూరలో కారం సరిపోయిందన్నారు, మారు వడ్డించుకున్నారు, చెయ్యి కడుక్కుంటూ నా వైపు చూసి "ఏమ్మాయ్" అన్నారు, అంతే. ఇన్నేళ్లలో ఆయన అన్న మాటలన్నిటిలోకీ నాకు ఎక్కువ మంట పెట్టింది ఆ "ఏమ్మాయ్".

ఆ సంబరం మూణ్ణాళ్ల ముచ్చటైంది. మా వడ్డీ కూడా పెంచామని బ్యాంకు నుంచి కబురొచ్చింది. లెక్క వేసి చూస్తే రూపాయి దాటింది.

మా వారు ఫోను చేసి చెప్పారు. మర్నాడు మావయ్యగారు ఉతికిన పంచె కట్టుకుని, భుజాన కండువాతో, పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. మేనేజరు సీట్లో కొత్త మనిషి, వయసులో చిన్నవాడు. మావయ్యగారి వైపు చూడకుండా నాతో ఇంగ్లీషులో మొదలుపెట్టాడు: ఫిక్స్‌డ్ అంటే మొదటి ఐదేళ్లకే ఫిక్స్‌డ్, ఆ తర్వాత బ్యాంకు తిరిగి నిర్ణయించుకోవచ్చు, అదంతా మీరు సంతకం పెట్టిన కాగితాల్లోనే ఉంది. అప్పట్లో మగవాళ్లతో మాట్లాడి నన్ను వదిలేశారు, ఇప్పుడు నాతో మాట్లాడి ఈయన్ని వదిలేస్తున్నారు. నాకు తిక్క రేగింది.

"సంతకం నాది, మాట ఆయనది. ఆయనకే చెప్పండి, తెలుగులో చెప్పండి" అన్నాను.

అతను చెప్పాడు. పాత మేనేజరు బదిలీ మీద వెళ్లిపోయారని, ఆయన నోటితో ఏం చెప్పారో తనకి తెలియదని కూడా చెప్పాడు. మూడు చేల అవతలికి వినపడేలా పిలిచే మనిషి మావయ్యగారు, ఆ రోజు పక్క బల్ల వాళ్లకి కూడా వినపడనంత మెల్లిగా అడిగారు.

"మనిషి మారితే మాట మారుద్దా?"

అతను కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు, ఈయన ఆగలేదు. "వడ్డీలు దిగినప్పుడు మా కోడలొచ్చి తగ్గించమంటే మాట మాటే అన్నారంట. ఎక్కినప్పుడు మీకు లేదా మాట?"

నేను బ్యాంకుకి వెళ్లి అడిగిన సంగతి ఆయనకి తెలుసునని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఇన్నేళ్లూ ఎత్తి చూపలేదు. ఆ మేనేజరు ఎక్కడైనా ఇంతేనండీ అని గొణిగాడు. అయితే మొత్తం కట్టేస్తాం, మాట తప్పినవాడి డబ్బు నా కొడుకు ఇంట్లో ఉండకూడదు అన్నారు మావయ్యగారు. ఆ ఇల్లు నీ కొడుకుది కాదు, నాది అని నాలిక చివరిదాకా వచ్చింది గానీ, దానికి అది సమయం కాదు. మేనేజరు లెక్కల యంత్రం ముందుకి లాక్కుని, గడువుకి ముందే కట్టేస్తే దాని మీద ఇంత జరిమానా పడుతుందన్నాడు. మావయ్యగారు ఆ ముక్క మళ్లీ చెప్పించుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, ముందు కట్టినందుకు మనమే ఎదురివ్వాలా అమ్మాయ్ అని, చదువుకున్నదానివి నువ్వు చెప్పు అన్నట్టు అడిగారు. అవునండి మావయ్యగారూ అన్నాను. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అని మన వాళ్లు ఎవరి గురించి అన్నారో గానీ, ఏరు ముందే దాటినందుకు దండుగ కట్టమన్నవాడి మీద సామెత ఇంకా పుట్టలేదు.

ధర కోసం కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, ఆయన ఆ వారమే, ఎంతొస్తే అంతకి అమ్మేశారు. నా పీ.ఎఫ్. డబ్బు దానికి కలిపాం. జరిమానాతో సహా కట్టి బయటపడ్డాం. మిర్చి ధర ఆ తర్వాత లేచింది, లేవక ఏం చేస్తుంది. దాని గురించి ఆయన ఒక్కనాడూ నోరెత్తలేదు. ఆ తర్వాత నా జీతం సంగతి అడగడం కూడా మానేశారు. అడగకపోతే హాయిగా ఉంటుందనుకున్నాను, ఉండలేదు.

మరుసటి ఏడు మిరప నారు పోసే రోజుల్లో మేము ఊరెళ్లాం. పక్క చేను రైతు వచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఇద్దరికీ ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయి, ఏనాడూ కాగితం లేదు. ఎరువులకి కొంత కావాలని అడిగి, ఎప్పటి వడ్డీయే కదా అన్నాడు. మావయ్యగారు నోటు రాయించుకురా అన్నారు. వడ్డీ ఎంతో, ఎన్నాళ్లకో, మధ్యలో మారుద్దో మారదో, ముందు తెస్తే ఏంటో, అన్నీ రాయించమన్నారు. అతను వేళాకోళం అనుకుని నవ్వాడు.

"ఏరా, నాతోనా?"

మావయ్యగారు నవ్వలేదు. అతను నేను ఇచ్చిన మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టి, అప్పు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ బ్యాంకు మా దగ్గర లాక్కున్న డబ్బంటారా, అది సంపాదించుకున్నాం. ఆ పెద్దమనిషి చేత ఆ మాట అనిపించినందుకు మాత్రం నేను వాళ్లని క్షమించలేదు, క్షమించను.

ఇప్పుడు వడ్డీ మారితే ఫోనుకి చిన్న సందేశం వస్తుంది. మా పక్కింటి వాళ్లు అది చదువుకుని, వాయిదాలు ఇంకో రెండేళ్లు సాగాయట అని నవ్వుతూ చెప్పుకుని, టీవీ వైపు తిరుగుతారు. నువ్వు అన్నావు కదా అని వెళ్లి అడగడానికి, అన్న మనిషంటూ ఎవరూ లేరు. అడగాలని వాళ్లకీ తోచదు. మావయ్యగారికి ఆ రోజు బ్యాంకులో వచ్చినంత కోపం రావాలంటే, ముందు ఒక మాటని అంతగా నమ్మి ఉండాలి. ఆయన బతికున్నన్నాళ్లూ నేను ఆయనతో ఒక్క పూట సఖ్యంగా లేను, ఆ మాట దాచుకోను. ఆయన పోయాక మాత్రం, తగువు పెట్టుకోవడానికి అంతటి మనిషి నాకు మళ్లీ దొరకలేదు.