పాటలో లేని పేరు

పొద్దున్నే పద్మావతమ్మ చల్ల చిలికేసరికి లంబాడీ తండా నుంచి జమ్లి చల్లకని ముంత పట్టుకుని వచ్చేది. ఇద్దరూ కాసేపు పిల్లల చదువుల గురించి మాట్లాడుకునేవారు. ఇప్పుడా చల్ల గేదె కుడితిలోకి పోతోంది.

ఖమ్మం కాలేజీలో చదివే పద్మావతమ్మ కొడుకు రామారావు మత్తుబిళ్లలు మింగి దవాఖానాలో కన్నుమూశాడు. "ఆ జమ్లి కొడుకు లాలే నా పిల్లగాణ్ణి పాడుజేసిండు" అని ఆమె భర్త బసవపున్నయ్య ఊరంతా చెప్పాడు. జమ్లి వాళ్లు తమ దగ్గర కౌలుకు దున్నుకునే చేను లాగేసుకున్నాడు. బిళ్లలు కొన్నది తమవాడేనని, లాలు ఎన్నోసార్లు లాక్కుని పారేశాడని పద్మావతమ్మకు తెలుసు. కొడుకే ఏడుస్తూ చెప్పాడు. ఆ మాట మొగుడి చెవినా వేసింది.

"చచ్చినోణ్ణి బజార్న పెడ్తవా?" అన్నాడాయన. ఆమె నోరు కుట్టేసుకుంది.

కారేపల్లి బడి వార్షికోత్సవానికి పక్కింటి హైమ బలవంతాన తీసుకెళ్లింది. స్టేజీ మీద డ్రమ్ములు, కరెంటు గిటారు. ఆ గిటారు మెళ్లో వేసుకుని నిలబడ్డది లాలు. బాగా చిక్కిపోయాడు. మత్తుబిళ్లలు వద్దని చెప్పే పాట పాడతాడని మైకులో చెప్పారు.

"సిగ్గు లేకపోతే సరి. చెడగొట్టినోడే సుద్దులు చెప్తుండు, చూడు వదినా," అంది హైమ.

డ్రమ్ములు గుండెల మీద బాదినట్టు మోగాయి. లాలు గొంతు చించుకుని పాడాడు.

"ఒక్క బిళ్లే గదా అన్నవు, నిన్నే మింగె దోస్తూ
ఎవడిచ్చిండో అడగకుండ్రి, ఆపలేనోణ్ణి నేను"

రామారావు పేరు పాటలో ఎక్కడా రాలేదు. కుర్రాళ్లు ఈలలు వేశారు.

"పాట ఇంటివా? వాడే ఒప్పుకుంటుండు," అంది హైమ.

కాదని చెప్పడానికి పద్మావతమ్మ నోరు తెరిచింది. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? కొంగు ముఖం మీదికి లాక్కుని, లాలు స్టేజీ దిగేలోపే దొంగలా బయటపడింది.

దీపాల వేళకు బసవపున్నయ్య పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని పీట వాల్చుకున్నాడు.

"ఏందే, ఇంకా పొయ్యి రాజెయ్యలే?"

"తండాకు పోయి రాండి. వాళ్ల కౌలు చేను వాళ్లకిచ్చి, తప్పు మనోడిదని జెప్పి రాండి."

"ఊళ్లె నేను తలెత్తుకోవద్దా?"

"ఆ పిల్లగాడు ఎత్తుకుంటుండా?"

ఆయన చెంబెత్తి గటగటా నీళ్లు తాగాడు. ఆకలికి ఓర్వలేని మనిషి, ఆమెకు తెలియనిది కాదు.

"జల్దీ అన్నం పెట్టు," అన్నాడు మెల్లగా, ఆమె వైపు చూడకుండా.

పద్మావతమ్మ కడిగిన బియ్యం మీద మూత పెట్టింది. అగ్గిపెట్టె కొంగున ముడేసుకుని, గడప మీద కూర్చుంది.