చెప్పుల పక్కన వేసుకున్న విస్తరి

నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళే దారిలో ఉండేది మా ఊరు. అరవైల మొదట్లో నేను అక్కడి చిన్న బడిలో టీచర్ని. ఇరవై రెండేళ్ళు. ట్రైనింగ్ పాసయ్యాను, హార్మోనియం వాయించేదాన్ని, బైబిల్లో ఏ వాక్యం అడిగినా అధ్యాయంతో సహా చెప్పేదాన్ని. మా చర్చిలో సండే స్కూలు నడిపే అమ్మగారు, అంటే పాస్టరు అయ్యగారి భార్య, మోకాళ్ళ నొప్పులతో ఇక నావల్ల కాదన్నారు. ఆ పని నాకే వస్తుందనుకున్నాను. నాకు కాక ఇంకెవరికి?

అడ్డం వచ్చింది ఒకామె. మామిడి షావుకారు షెడ్డులో, గంపల్లో వరిగడ్డి పరిచి కాయలు సర్దే మనిషి. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. చేతుల నిండా మామిడి సొన కాల్చిన మచ్చలు. కూడబలుక్కుని చదివేంత చదువు. కానీ ఆమె కనిపిస్తే చాలు, పిల్లలు వెళ్ళి చుట్టుకునేవాళ్ళు. అమ్మగారు ఒకసారి నా ముందే, "తగ్గింపంటే ఆ అమ్మాయిని చూసి నేర్చుకోవాలమ్మా" అన్నారు. అణకువను మా చర్చిలో తగ్గింపంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా హార్మోనియం, నా కంఠతా వాక్యాలు ఎవరికీ ఆనలేదన్నమాట. తగ్గింపే కావాలంటే అదీ నేర్చుకుని చూపిస్తాననుకున్నాను. టీచర్ని కదా, ఏ పాఠమైనా వచ్చేస్తుందని ధీమా.

ఆ ఏడు తొలి కాయలు చర్చికి తెచ్చే పండుగనాడు అయ్యగారు విందులో కడపటి చోటు గురించి ప్రసంగించారు. పెళ్ళి విందుకు వెళ్ళి ముందు కూర్చుంటే లేచి వెనక్కి వెళ్ళమంటారు. వెనక కూర్చుంటే పిలిచినాయనే వచ్చి పైకి రమ్మంటాడు. హెబ్రీ భాషలో సాత్వికుడనే మాటా, కష్టం కింద వంగిపోయినవాడనే మాటా ఒకే వేరు నుంచి పుట్టాయని కూడా చెప్పారు. అది నేను సరిగ్గా వినలేదు. పైకి రమ్మనడం దగ్గరే నా మనసు ఆగిపోయింది.

ప్రసంగం అవగానే ప్రేమ విందు, సంఘమంతా కలిసి కూర్చుని తినే భోజనం. మావాళ్ళు ఆ వాక్యాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. ఎప్పుడూ అయ్యగారి పక్కన చోటు కోసం ఎగబడేవాళ్ళు ఆ రోజు గుమ్మం వైపు పరుగెత్తారు. "మీరు ముందుకెళ్ళండి", "అబ్బే, మీరే వెళ్ళండి" అని ఒకటే తోపులాట. చివరి వరస కిక్కిరిసిపోయింది, మొదటి వరస ఖాళీ. సంఘ పెద్ద ఒకాయన చిట్టచివరి చోటు తనదని ముందే కండువా వేసి ఉంచాడు. నేను వాళ్ళందరినీ ఓడించి, గుమ్మం అవతల చెప్పుల పక్కన విస్తరి వేసుకున్నాను. కట్టుకున్నది పట్టుచీర. అమ్మగారికి కనబడేలా కాస్త పక్కకు జరిగి మరీ కూర్చున్నాను.

షెడ్డులో గంపలన్నీ లారీకి ఎక్కించి ఆమె ఆలస్యంగా వచ్చింది. చుట్టూ చూసింది. మొదటి వరసలో చోటు కనబడగానే నేరుగా వెళ్ళి అయ్యగారి ఎదురుగా కూర్చుంది. "కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయండీ" అంది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇక అమ్మగారు ఆమెను చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు, పైకి పిలుస్తారు.

అయ్యగారు ప్రార్థనకు కళ్ళు మూసుకోబోతుంటే ఆమె లేచింది. "ఆగండి అయ్యగారూ, టీచరుగారు బయట ఉండిపోయారు" అని నా దగ్గరకొచ్చింది. "ఏంటండీ, చెప్పుల కాడ కూర్చున్నారు? చోటు లేదనుకున్నారా? నా పక్కన బోలెడుంది, రండి."

నేను ఎదురుచూసిన పిలుపే. పిలవాల్సిన మనిషి మాత్రం ఆమె కాదు. "నేను కావాలనే ఇక్కడ కూర్చున్నాను!" అన్నాను. కోపంలో గొంతు లేచింది. హాలంతా వినబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రార్థన కానిదే మావాళ్ళు మెతుకు ముట్టరు. నేను కదలనిదే ఆమె కదలదు. అంతమందీ చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చున్నారు. చివరికి విస్తరి చేత్తో పట్టుకుని, అంత పొడుగు హాలూ నడిచి, ఆమె పక్కన కూర్చున్నాను. ఆ రోజు మామిడికాయ పప్పు రుచి నాకు తెలియలేదు.

సండే స్కూలు ఆమెకే ఇచ్చారు. ఆ శనివారం సాయంత్రం మా ఇంటికొచ్చింది. "నాకు చదవడం తొందరగా సాగదండీ. మీరు చదివి వినిపిస్తే పిల్లలకి నా మాటల్లో చెప్పుకుంటాను" అంది. కాదనలేకపోయాను. పాఠం పాత నిబంధనలోది. జనాన్ని ఎడారిలో నడిపిస్తున్న నాయకుడి మీద సొంత అక్కే అసూయపడుతుంది, దేవుడు అతనితోనే మాట్లాడాడా, మాతో మాట్లాడలేదా అని. భూమ్మీద అందరికంటే సాత్వికుడు ఆ నాయకుడు. దేవుడి కోపానికి అక్కకు కుష్ఠు తగిలితే ఆమె కోసం ఆయనే దేవుడికి మొరపెట్టుకుంటాడు. ఆమెను ఏడు రోజులు పాళెం బయట, జనం గుడారాలకు దూరంగా ఉంచుతారు. ఆమె తిరిగి వచ్చేదాకా జనమంతా ప్రయాణం ఆపుకుని కూర్చుంటారు.

ఇది నా గురించేనని మూడు వాక్యాలు చదివేసరికే తెలిసింది. అయినా గొంతు తడబడకుండా చివరిదాకా చదివాను.

"అంతమందీ ఆగారా అండీ, ఆవిడొక్కత్తి కోసం!" అని ఆమె సంబరపడింది. "మొన్న మనవాళ్ళు మీకోసం ఆగినట్టే."

వెక్కిరిస్తోందేమోనని ఆమె మొహంలోకి చూశాను. లేదు. కాస్తంత వెక్కిరింపు దొరికినా ఆమెను హాయిగా ద్వేషించి ఉండేదాన్ని.

"ఇంకోసారి చదవరా అండీ" అంది. చదివాను.