ముప్పై రెండు దెబ్బల ఊపిరి

బాబాయి చేసిన ఆఖరి పని ట్రంపెట్‌కి స్నానం చేయించడం.

ప్రతి ఆదివారం చేయించేవాడు. ఆ రోజు కూడా పిన్ని బట్టలు నానబెట్టుకునే టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, సబ్బు నురగ చేసి, దాన్ని పసిపిల్లలా మెల్లగా ముంచాడు.

"నాకు నలభై ఏళ్లలో ఒక్కసారైనా నీళ్లు కాచి పెట్టారా?" అంది పిన్ని.

"నువ్వు తుప్పు పట్టవు కదే" అన్నాడు.

విడదీసిన ముక్కలన్నీ తువ్వాలు మీద వరసగా ఆరబెట్టి, కాస్త నడుం వాలుస్తానని గదిలోకి వెళ్లాడు. అంతే, మళ్లీ లేవలేదు. ఆ ముక్కల్ని తిరిగి బిగించడం ఇంట్లో ఎవరికీ రాదు.

మా నాన్నకి ఒక్కడే తమ్ముడు. ఒక హోటలు డాన్సు హాలులో నలభై ఏళ్లు ట్రంపెట్ ఊదాడు. తప్పు స్వరం ఊదినవాణ్ణి ఇట్టే క్షమించేవాడు. లయలో తొందరపడినవాణ్ణి మాత్రం పాట అయ్యాక పక్కకి పిలిచి, "ఏ బస్సు అందుకోవాలిరా?" అని అడిగేవాడు. పియానో వాయించే ఒకాయన ఈ విషయం మీదే బాబాయితో రెండేళ్లు మాట్లాడలేదు. పెళ్లయిన కొత్తలో తన నడకని కూడా సరిచేశాడని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

ఎందరి రికార్డుల్లోనో ఊదాడు. ఒక్క అట్ట మీదా ఆయన పేరు లేదు. డెబ్బై ఒకటో ఏట, తన పేరుతో ఒక ఆల్బం తెస్తానన్నాడు. కుర్రతనంలో తను ఊదిన స్వింగ్, రాక్ పద్ధతిలోనే, తనే కట్టిన పదకొండు పాటలు. వెనక అట్ట మీద నాలుగు ముక్కలు రాయమని నన్ను పిలిచాడు.

రికార్డింగు ఒక సోఫాల దుకాణం మేడ మీద. ప్లాస్టిక్ కవర్లు తీయని సోఫాలు ప్రతిధ్వనిని మింగేస్తాయట. మధ్యలో ఒక్కటే మైకు. అందరూ ఒకేసారి వాయించాలి, ఒక్క ఊపున అయిపోవాలి, కోతలూ అతుకులూ ఉండవు. అది బాబాయి పట్టుదల. డ్రమ్ములు వాయించే పాత స్నేహితుణ్ణి బీరువాల వెనక్కి తోసేశారు. నోట్లోంచి మాట బయటికి రాని మనిషి, అందుకే అందరూ వేళాకోళంగా పిడుగు అనేవాళ్లు. బాబాయి నోటితో లెక్క చెప్పడు, ఎడమ కాలితో తాళం వేస్తాడు. ఆ బూటు చప్పుడు మైకులో పడుతోందని రికార్డు చేసే అమ్మాయి కాలి కింద దుప్పటి మడిచి వేసింది. ఇక ఆ తాళం వినపడదు. బీరువాల సందులోంచి పిడుగు మామయ్యకి కనిపిస్తుందంతే.

పది పాటలు బాగానే అయ్యాయి. పదకొండోది అన్నిటికంటే వేగం. దాని చివర, ముప్పై రెండు డ్రమ్ము దెబ్బల సేపు ఒకే స్వరం తెగకుండా పట్టాలి. ఊపిరితిత్తులు అరిగిపోయాయనీ, ఆ శనివారంతో ఊదడం మానెయ్యాలనీ డాక్టరు చెప్పేశాడు. శనివారం వచ్చేసింది.

మొదటిసారి పంతొమ్మిది దెబ్బలకి తెగింది. రెండోసారి ఇరవై రెండు. మూడోసారి దగ్గు.

"సార్, చివర ఒక్కటీ విడిగా ఊదండి, నేను అతికిస్తాను. ఎవరికీ తెలీదు" అంది అమ్మాయి.

"అతికించడానికి ఇదేమైనా తెగిన చెప్పా అమ్మా?"

"పోనీ ఇరవైకే ఆపెయ్‌రా. పాట నీదే కదా" అన్నాడు పిడుగు మామయ్య.

"ముప్పై రెండు అని రాశాను."

"రాసినప్పుడు నీ వయసెంత?"

"అప్పుడు కుర్రాణ్ణి. పోయినేడాది."

అందరూ నవ్వారు. తోడుగా వచ్చిన పిన్ని నవ్వలేదు. "ఇంకొక్కసారే. ఆ తర్వాత ఇంటికి" అంది.

నాలుగోసారి. చివరి స్వరం మొదలవగానే నేను వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదిహేను దాటింది. ఆయన మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఇరవై ఐదు. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. ముప్పై. ముప్పై రెండు. బాబాయి ట్రంపెట్ దించి వెనకున్న సోఫాలో కూలబడ్డాడు. ప్లాస్టిక్ కవరు కీచుమంది. ఆ కీచు కూడా ఆల్బంలో పడింది.

ఆ పూటే ఇంటికొచ్చి రాశాను: "డెబ్బై ఒకటో ఏట, ఒక్క ఊపిరిలో ముప్పై రెండు దెబ్బలు. మొదటినుంచి చివరిదాకా వెంట్రుకవాసి కూడా చెదరని లయ."

బాబాయి కాగితం చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఆ చెదరని లయ అన్న ముక్క ఉండాలంటావా?"

"అదే కదా బాబాయ్ అసలు సంగతి!"

"సరే. రాసేవాడివి నువ్వు" అన్నాడు. పెద్దమనిషి వినయం అనుకుని మురిసిపోయాను. అట్టలు అచ్చయిపోయాయి. ఆల్బం చేతికొచ్చాక ఆయన ఉన్నది మూడు వారాలు.

బాబాయి పోయిన నెలకి పిడుగు మామయ్య పిన్నిని చూడటానికి వచ్చాడు. ముగ్గురం కూర్చుని పదకొండో పాట పెట్టుకున్నాం. చివర్లో మామయ్య కిసుక్కున నవ్వాడు.

"ఏంటి మామయ్యా?"

"వినపడట్లా? పరిగెడుతున్నాం."

మళ్లీ పెట్టాను. నిజమే. ఇరవయ్యో దెబ్బ నుంచి పాట మెట్ల మీంచి దిగే పిల్లాడిలా ఉరుకుతోంది. దెబ్బలు ముప్పై రెండే, కానీ పట్టిన సేపు తక్కువ.

"ఆయన ఊపిరి చాలాలని మీరే తొందరపెట్టారా?"

"నాకంత ధైర్యం ఎక్కడిదిరా అబ్బాయ్?" అన్నాడు మామయ్య. "ముందు పరుగందుకుంది వాడి కాలే. నేను దాని వెనకాల వెళ్లానంతే."