ఏమంటుందిరా ఆ పిల్ల?

క్లేటన్ ఆంటీ పోయారు. కూతురు ఫోన్ చేసి, "అన్నా, మమ్మీ నిన్న పోయింది. ట్యూస్‌డే ఫ్యునరల్. విల్ యూ కమ్?" అని అడిగింది. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం తయారుగా ఉంచుకునే నా నోటికి "వస్తానమ్మా" తప్ప ఇంకేమీ దొరకలేదు.

ఆంటీ క్లేటన్ పేటలో మా ఇంటి ఓనరు. వంట కోర్సు చదువుతానని మెల్‌బోర్న్ వచ్చి నేను చదవకుండా ఉన్న రోజుల్లో, ఆమె వెనక గదుల్లో నలుగురు కుర్రాళ్ళం అద్దెకుండేవాళ్ళం. గిన్నెలు తోముతున్నా ఆమె పాదాలు ఊరుకునేవి కావు, నేల మీద తకధిమి వేసేవి. ఒకసారి ఆమె గజ్జెలు తీసి పెరటి తలుపుకి కట్టాను. తలుపు తీయగానే ఘల్లుమంది. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆంటీ తిట్టలేదు. విప్పి, కొంగుతో తుడిచి, "ఇవి మోగితే మనిషి కనపడాలిరా, తలుపు కాదు" అన్నారు.

రాజమండ్రిలో చిన్నప్పుడు ఆమె, ఒక స్నేహితురాలు ఒకే మాస్టారి దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. ఎవరు బాగా చేస్తారని ఇద్దరికీ పోటీ. తండ్రి పోయాక ఇల్లు గడవక ఆ స్నేహితురాలు రికార్డింగ్ డాన్సుల్లో చేరింది. ఓ తీర్థంలో, జాతరకొచ్చిన జనం ఈలలేసి వెకిలిగా అరుస్తుంటే, స్టేజీ మీంచి ఆంటీని చూసి చెయ్యూపిందట. "నీకు తెలుసా ఆ పిల్ల?" అని పక్కనున్నవాళ్ళు అడిగారు. ఆంటీ తల అడ్డంగా ఊపారు. ఆ ఊపడం స్టేజీ మీదకి కనపడింది.

పాతికేళ్ళ తర్వాత ఆ స్నేహితురాలి ఫోన్ నంబరు ఆంటీకి దొరికింది. ఇండియాకి మాట్లాడే కార్డు నాచేతే తెప్పించారు. ఆ రోజుల్లో కార్డు మీది వెండి పూత గీకితేనే కింద, ఫోన్ కలవడానికి నొక్కాల్సిన అంకెలు కనపడేవి.

"గీకమంటారా ఆంటీ?"

"ఉండరా. అది నా గొంతు విని పెట్టేస్తే?"

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక క్యాసెట్ పెట్టారు. పాత సామాన్లమ్మే ఆప్ షాపులో, అట్ట మీద ఇద్దరు డాన్సర్లున్నారని కొన్నది. నలుపు తెలుపు హాలీవుడ్ సినిమా. ఒకతె ఈలలు వేయించుకునే డాన్సరు. ఇంకొకతె శ్రద్ధగా నేర్చుకున్న పిల్ల, పొట్టకూటికి అదే స్టేజీ ఎక్కితే జనం గేలి చేస్తారు. ఆంటీ ఇంగ్లీషు కూరగాయల షాపు వరకే. నాకు బాగా వచ్చని ఇంట్లో ఒక భ్రమ ఉండేది, దాన్ని పుట్టించింది నేనే.

గేలి ముదిరాక ఆ పిల్ల ఆట ఆపేసి, స్టేజీ ముందుకొచ్చి, కళ్ళెర్రజేసి ఏదో అంటోంది. ఆంటీ ముందుకు వంగారు.

"ఏమంటుందిరా ఆ పిల్ల?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మాట చెబితే సరిపోయేది. కానీ మావాళ్ళు ముగ్గురూ నవ్వడానికి సిద్ధంగా నా మొహమే చూస్తున్నారు. గొంతు సన్నగా చేసి, "'తెలీదని తలూపినదాన్ని చచ్చినా క్షమించను, నా గుమ్మం తొక్కితే కాళ్ళిరగ్గొడతా' అంటుందాంటీ" అన్నాను.

గది గొల్లుమంది. ఆంటీ నవ్వలేదు. "అంటుంది మరి" అని, టీ పెట్టడానికి లేచారు. ఆ పూట వంటింట్లోంచి పాదాల చప్పుడు రాలేదు.

"సరదాకన్నానాంటీ" అని చెప్పడానికి వంటిల్లు నాలుగడుగుల దూరం. వెళ్ళలేదు. తర్వాత బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌కి మారిపోయాను. అప్పుడప్పుడూ ఫోన్ చేసి నవ్వించేవాణ్ణి. పెట్టేముందు, "నీ నోరు మూసుకున్నప్పుడే నిజం చెబుతుందిరా" అనేవారు. అదేదో బిరుదనుకుని ఇన్నేళ్ళూ తిరిగాను.

మొన్న ఫ్యునరల్‌కి బయల్దేరే ముందు, ఆ సినిమా ఫోన్లో వెతికి, మాటలు కింద అక్షరాల్లో పడేలా పెట్టుకుని చూశాను. ఆ పిల్ల కోపం తోటి డాన్సరు మీద కాదు. ఎదురుగా కూర్చుని నవ్వేవాళ్ళ మీద. పళ్ళికిలించే ఆ వరసలో మా నలుగురికీ సీట్లు వేసి ఉన్నట్టే అనిపించింది.

అంతా అయ్యాక వాళ్ళింట్లో కూతుర్ని అడిగాను, ఆ రాజమండ్రి ఫ్రెండ్‌తో మమ్మీ ఎప్పుడైనా మాట్లాడారా అని.

"నో అన్నా. 'అది నన్ను క్షమించదే' అనేది, ఆల్వేస్." లోపలికెళ్ళి క్యాసెట్ తెచ్చింది. "నువ్వు ట్రాన్స్‌లేట్ చేసిన మూవీ అంట కదా, నువ్వే ఉంచుకో."

అట్టపెట్టె తెరిస్తే నేను తెచ్చిచ్చిన ఆ ఫోన్ కార్డు జారి ఒళ్ళో పడింది. వెండి పూత చెక్కు చెదరలేదు. ఒక్క మూలన మాత్రం చిన్న గోటి గీత, దాని కింద సగం కనపడుతున్న ఒకే ఒక్క అంకె.