నాలుగో తరగతి పాప మెడలో గొలుసు

ఆ ఏడాది పళ్ల డాక్టర్ల బస్సు మా ఊరొచ్చి ఖాళీగా తిరిగి వెళ్లింది. తల్లిదండ్రులు సంతకాలు పెట్టలేదని, చేపలు పట్టేవాళ్లకి పిల్లల పళ్ల గొడవేం పడుతుందని అందరూ అనుకున్నారు. నేనూ అవునన్నాను. నిజానికి ఆ సంతకాల కాగితాలు ఏ ఇంటికీ వెళ్లలేదు. నా బల్ల సొరుగులో ఉన్నాయి. ఈ సంగతి ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను నాగాయలంక దగ్గర, సముద్రం ఒడ్డునున్న ఒక ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టర్ని. ఇద్దరమే టీచర్లం. రెండో ఆవిడ బందరు నుంచి కొత్తగా వచ్చింది. ప్రార్థన అయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టి, సెల్‌ఫోన్ లైటు వేసి నోళ్లు చూసేది. ఎవరి పన్ను పుచ్చింది, ఎవరి చిగురు వాచింది, అంతా ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ఊడిపోయే పాల పళ్లే కదా అనే తల్లులకు, ఆరేళ్లప్పుడు వెనక వచ్చే దవడ పన్ను పాల పన్ను కాదని, పోతే మళ్లీ రాదని ఓపిగ్గా చెప్పేది. చెప్పి మాత్రం ఏం లాభం? పిల్లకు పన్ను చూపించాలంటే తల్లి ఒక రోజు చేపల అమ్మకం మానుకుని బస్సెక్కాలి.

ఆ ఊళ్లో నాది పదకొండేళ్ల నౌకరీ. ఎక్కం చెప్పమంటే నా ముందు పెదవి కదపని పిల్లలు, ఆవిడ ముందు కొండనాలుక కనిపించేలా నోరు తెరిచేవాళ్లు. తల్లులు ఆవిడకు ఆకులో చుట్టి పచ్చిరొయ్యలు తెచ్చిచ్చేవాళ్లు. నాకు నమస్కారం పెట్టేవాళ్లు, అంతే. మండలం నుంచి వచ్చిన అధికారి ఆ నోటుపుస్తకం తిరగేసి, ఆవిడతో ఫొటో దిగి టీచర్ల గ్రూపులో పెట్టాడు. అందులో నా ఎడమ భుజం ఉంది. ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి ఎన్నిసార్లు చూసుకున్నానో. మా ఆవిడ తొంగిచూసి, "ఇదుగో, మీ చొక్కా పడింది," అని నవ్వింది. అన్నం ముందు నుంచి లేచిపోయాను.

దంత కళాశాల వాళ్లను బస్సు పంపమని ఒప్పించింది కూడా ఆ టీచరే. గురువారం బస్సనగా సోమవారం ఆవిడ నాన్నకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. బయల్దేరుతూ కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది.

"తల్లుల్ని పిలిచి చదివి వినిపించండి సార్. సంతకం లేనిదే డాక్టర్లు పన్ను ముట్టుకోరు. నాలుగో తరగతి పాపని మాత్రం మొదట ఎక్కించండి. దాని దవడ పన్ను కింద చీము పడుతోంది."

నా బడిలో నాకే పని పురమాయిస్తోంది అనిపించింది. రేపు చూద్దాంలే అని సొరుగులో పెట్టాను. మంగళవారం సొరుగు తీసి, ఆవిడ గుండ్రటి దస్తూరీ చూసి మళ్లీ మూశాను.

బుధవారం ఆ పాపను తల్లి వెంటబెట్టుకొచ్చింది. ఎడమ దవడ బూరెలా పొంగి ఉంది. మెడలో పెద్దవాళ్లు వేసుకునే బంగారు గొలుసు బొడ్డు దాకా వేలాడుతోంది. గవదబిళ్లలు వస్తే మెడలో బంగారం వేస్తే తగ్గుతుందని మావైపు నమ్మకం. లేనివాళ్లు అరువు తెచ్చుకుంటారు.

"మా తోడికోడలిది అడిగి తెచ్చానండి. గవదబిళ్లలే కదా మాస్టారూ? టీచరమ్మ ఉంటే లైటేసి చూసేది."

ఆ చివరి మాట దగ్గర నాకు మండింది. నోటుపుస్తకంలో ఆ పాప పేరు పక్కన ఏం రాసుందో నాకు తెలుసు.

"గవదబిళ్లలే. నాలుగు రోజులు ఇంట్లో ఉంచు. మిగతా పిల్లలకి అంటుకుంటాయి," అన్నాను.

గురువారం బస్సు వచ్చి, తుఫాను షెల్టరు నీడన మధ్యాహ్నం దాకా నిలబడింది. వీళ్లకి ఇలాంటివి పట్టవండీ అని డాక్టర్లకు చెప్పింది నేనే.

శనివారానికి వాపు మెడకు దిగింది. పాప మంచినీళ్లు కూడా మింగలేకపోయింది. బందరు ఆసుపత్రిలో దవడ కింద కోసి చీము తీశారు, పన్ను పీకేశారు. తొమ్మిది రోజులు ఉంచారు. బతికింది.

"తల్లులు నన్ను నమ్మలేదన్నమాట సార్," అంది ఆవిడ తిరిగొచ్చాక. నేను తలూపాను. ఆ తర్వాత ఆవిడ నోటుపుస్తకం తెరవలేదు. మరుసటేడు బస్సు రాలేదు. ఆవిడ గుడివాడ వైపు బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది. ఇక ప్రార్థన వరసకు నేనొక్కడినే.

ఈమధ్య అవనిగడ్డ బస్టాండులో ఆ తల్లి కనిపించింది. పక్కన పాప, ఇప్పుడు పదో తరగతి. దవడ కింద మచ్చ స్పష్టంగా ఉంది. ఎవరో అడిగినట్టున్నారు, తల్లి చెబుతోంది: "నా బుద్ధి గడ్డి తిని గొలుసేసి కూర్చున్నానమ్మా. ఆ మచ్చ నేను పెట్టిందే."

వెనక్కి తిరిగి గుడివాడ బస్సెక్కాను. అక్కడి బడిలో ఆవిడ మళ్లీ ఫోన్ లైటు పట్టుకుని ఉంది. ముందు పిల్లల వరస, తెరిచిన నోళ్లు. అంత జరిగాక కూడా ఆ వరస నా ముందుండాల్సిందని ఒక్కసారి అనిపించింది. అదీ దాచను. జరిగింది చెప్పాను. ఆవిడ లైటు ఆర్పి, పిల్లల్ని తరగతుల్లోకి పంపింది.

"ముందు నాకెందుకు చెప్తున్నారు? ఆ తల్లికి చెప్పారా?" అంది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. తల్లి ఎండుచేపలు తిరగేస్తోంది. పాప కుర్చీ వేసింది. కూర్చోలేదు. నా దగ్గరే ఉండిపోయిన వాళ్ల సంతకం కాగితం తీసి పాపకిచ్చి, అమ్మకు చదివి వినిపించమన్నాను. పాప పైనుంచి కింద దాకా చదివింది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.

"గొలుసు వెయ్యడం మీ తప్పు కాదమ్మా," అన్నాను. "అది పన్ను వాపని నాకు ముందే తెలుసు. టీచరమ్మని చూసి ఓర్వలేక ఈ కాగితం దాచాను, మీతో అబద్ధం చెప్పాను. ఆ మచ్చ పెట్టింది నేను. నన్ను క్షమించండి. పాపా, నువ్వు కూడా."