మెరుగులక్క అసలు ముఖం

దేవుడు ఈ ఊరికి ముఖాలను ముడిసరుకుగా పంపిస్తే, పని పూర్తిచేసి బయటికి వదిలింది మెరుగులక్కే. నమ్మనివాళ్లు తమ గుర్తింపు కార్డు తీసి ఫొటో చూసుకోవచ్చు. కళ్ల కింది నలుపు, గడ్డం కింది రెండో గడ్డం, సరిగ్గా ఇంటర్వ్యూ ముందురోజే లేచిన మొటిమ, అన్నీ ఆమె మౌసు కింద హరీమన్నవే. పన్నెండేళ్లుగా ఫొటో స్టూడియో కౌంటరే ఆమె సింహాసనం. ఒక చేత్తో ఫొటో దిద్దుతూ, ఇంకో చేత్తో రసీదు రాస్తూ, వచ్చినవాళ్ల ఇంటి గుట్టంతా నవ్వుతూ లాగేది. కబుర్లు లేనిదే ఆమె చేతులు ఆడవు.

మోకాళ్ల నొప్పులకీ, షుగరుకీ కలిపి డాక్టరు వారానికో సూది రాసిచ్చాడు. ఏడు నెలల్లో ముప్పై కిలోలు దిగిపోయాయి. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తోంది. అయితే ఆ కొవ్వు పోతూ పోతూ చెంపలను కూడా వెంటబెట్టుకుపోయింది. మిగిలిన చర్మం దూది తీసేసిన దిండు గలేబులా వేలాడింది. నలభై రెండేళ్ల మనిషి ముఖం మీదికి అరవై ఏళ్లు వచ్చి తిష్ఠ వేశాయి.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా? ఏ ఆస్పత్రిలో చూపించుకుంటున్నారు?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు. ఫొటో దిగడానికొచ్చిన ఒకాయన అయితే ఆమెనే స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు పట్టించాడు.

చివరికి ఓనరు నసిగాడు. "అక్కా, ఏమీ అనుకోకండి. వచ్చినవాళ్లు కంగారు పడుతున్నారు. ఒకటో తారీఖు నుంచి మీరు లోపలి గదిలో పని చేసుకోండి. కౌంటర్లో కొత్తమ్మాయిని పెడతాను."

లోపలి గదికి కిటికీ లేదు. మాట్లాడదామంటే ప్రింటరు తప్ప నోరున్న ప్రాణి లేదు.

ఇక ఆమెకు కాలు నిలవలేదు. లిఫ్టు తలుపు, ఆరిపోయిన స్క్రీను, చెంచా వెనక భాగం, నీడ పడే చోటల్లా ఆగి చెంపలను వేళ్లతో పైకెత్తి చూసుకునేది. వేళ్లు తీయగానే అవి మళ్లీ జారేవి. నాలుగో రోజున చర్మం డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"చర్మం కింద కొవ్వు ఖాళీ అయిన చోట ఫిల్లరు వేద్దాం. జెల్లులాంటిది, సూదితో ఎక్కిస్తాం. కొద్ది కొద్దిగానే వెయ్యాలి. ముందు మీ పాత ఫొటో చూపించండి."

మెరుగులక్క గర్వంగా ఫోను తీసింది. డాక్టరమ్మ అందులోని ఫొటోను పెద్దది చేసి చూసి, కళ్లజోడు సర్దుకుంది.

"ఇందులో రెండు చెంపలూ అచ్చు గుద్దినట్టున్నాయి. మనిషి ముఖం ఇలా ఉండదమ్మా. దీన్ని చూసి వేస్తే ఇంకెవరి ముఖమో వస్తుంది. దిద్దనిది తీసుకురండి."

దిద్దనిది! ఆమె స్టూడియోకి పరుగెత్తి కంప్యూటరంతా గాలించింది. ఊరందరివీ అసలు ఫొటోలు భద్రంగా ఉన్నాయి. తనవి మాత్రం తీసిన పూటే దిద్ది, అసలుది చెరిపేయడం ఆమెకు అలవాటు. పన్నెండేళ్లలో ఒక్కటీ మిగల్లేదు. ఫోను మార్చినప్పుడల్లా కూడా దిద్దినవే కొత్తదాంట్లోకి ఎక్కించుకుంది.

అక్కణ్ణుంచి చెల్లెలింటికి. ఆల్బమ్ పేజీలు టపటపా తిప్పింది, లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"కాలుగాలిన పిల్లిలా ఏంటే అక్కా ఆ తిరుగుడు? మా ఇంట్లో ఫొటోలన్నీ నువ్వు దిద్ది ఇచ్చినవే కదా. నా పెద్ద ముక్కును కూడా చిన్నది చేసి పారేశావు."

"ముక్కు సంగతి తర్వాత! నా ముఖం ఎలా ఉండేదో చెప్పవే."

చెల్లెలు ఆల్బమ్ లాక్కుని పక్కన పెట్టింది. "గుండ్రంగా ఉండేది. నవ్వితే కుడి చెంప ముందు లేచేది. ఎడమది బద్ధకంగా తర్వాత వచ్చేది. చిన్నప్పుడు దానికే నేను పడీపడీ నవ్వేదాన్ని."

మెరుగులక్క అద్దం ముందుకెళ్లి నవ్వింది. వదులైన చర్మంలోనే కుడి చెంప ముందు లేచింది. ఎడమది కాస్త ఆగి వచ్చింది. ప్రతి ఫొటోలో తను సరిచేసి పారేసింది దాన్నే.

మర్నాడు ఫొటో లేకుండానే వెళ్లి డాక్టరమ్మ ముందు మూడుసార్లు నవ్వి చూపించింది. అటునుంచి అటే స్టూడియోకి వెళ్లింది.

ఆ తర్వాత జరిగింది ఊరంతా కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ నవ్వు చూసి డాక్టరమ్మ సూదిని కిటికీలోంచి విసిరేసిందట. ఓనరు ఆమె కాళ్ల మీద పడి, కొత్తమ్మాయిని ఆ క్షణమే పంపించేశాడట. ఆ సాయంత్రం కౌంటరు ముందు వరస రైల్వే గేటు దాకా సాగిందట.

మెరుగులక్కని అడిగితే తల కూడా ఎత్తదు. "సూది వేయించుకున్నా. రెండు చెంపలకీ కొంచెం కొంచెం. నాలుగు రోజులు వాచింది. లోపలికి పోనని చెప్తే ఓనరు 'సరే, ఉండండి' అన్నాడు. కొత్తమ్మాయి నా పక్కనే కూర్చుంటుంది."