లింకుల సారు

శ్రీనివాసులు గారిని ఏం అడిగినా వెంటనే జవాబు రాదు. ముందు కళ్లజోడు ముక్కు మీదికి దించి, అడిగిన మనిషిని ఒకసారి చూసి, తిరిగి ఆయనే ఒక ప్రశ్న వేస్తారు. "ఇంతకు ముందు ఎవరన్నా ఇదే అడిగినారేమో చూసినావా?" ఆఫీసులో కంప్యూటరు గురించైనా అంతే, ఇంట్లో పప్పు గురించైనా అంతే.

ఒకసారి సిగ్నల్ దగ్గర ఎవరో కారు అద్దం దించి ఖాజాగూడ చెరువుకి దారెటని అడిగాడు. ఈయన దారి చెప్పలేదు. వెనక స్కూటర్ మీదున్నాయనకి ఇప్పుడే అదే దారి చెప్పాననీ, ఆయన్ని అడిగితే అందరికీ టైము కలిసొస్తుందనీ వివరించారు. ఆ వివరణ పూర్తయ్యేలోగా సిగ్నల్ పచ్చబడింది, ఎర్రబడింది, మళ్లీ పచ్చబడింది. వెనకాల హారన్లు మోగుతుంటే కారాయన దారి తెలియకుండానే వెళ్లిపోయాడు.

ఇంట్లో భార్య హరిత సొరకాయ పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, ఆ సంగతి పోయిన వారమే చెప్పానంటారు. పోయిన వారం ఉప్పు ఈ పప్పులోకి నడిచి రాదని ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది. చుట్టాలొచ్చి పెళ్లి కబుర్లలోంచి మెల్లగా భూముల ధరల్లోకి జారితే ఆయనకి ఊపిరాడదు. చెయ్యెత్తి, విషయం మారిందనీ, పెళ్లి సంగతి తేలాక భూముల సంగతి విడిగా మొదలుపెడదామనీ అంటారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మేనత్త ఒకామె ఆ దెబ్బకి రాత్రి బస్సుకే తిరిగి వెళ్లిపోయిందని హరిత ఇప్పటికీ చెబుతుంది.

ఈ జబ్బు ఆయనకి ఫోరం నుంచి అంటుకుంది. 'రైల్‌బాట' అని కంప్యూటర్లో రైళ్లు నడుపుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు. పట్టాలు మనమే వేసుకోవాలి, స్టేషన్లు మనమే కట్టుకోవాలి, చివరికి ఇంజన్లో కూర్చుని బండి మనమే నడుపుకోవాలి. దాని పిచ్చిలో పడ్డవాళ్ల కోసం శ్రీనివాసులు గారు చాలా ఏళ్ల క్రితం ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టారు. పాతకాలపు పద్ధతి. ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ, పైన శీర్షిక, కింద జవాబులు. ఎవరైనా "అర్జెంట్, హెల్ప్ ప్లీజ్" అని శీర్షిక పెడితే ఆయన దాన్ని కొట్టేసి, అసలు సమస్యేమిటో ఆ శీర్షికలోనే కనబడేలా తిరగరాసేవారు. అడిగినవాడికి అది అవమానంగా ఉండేది.

అలా అవమానపడ్డవాళ్లలో రోహిణి ఒకర్తి. ఆమెది నార్సింగి. సైబరాబాద్‌లో శ్రీనివాసులు గారు పనిచేసే కంపెనీలోనే, ఆయన కిందే టెస్టింగ్ పని చేస్తుంది. రైల్‌బాట సంగతి ఆమెకి మొదట చెప్పింది కూడా ఆయనే. కానీ ఫోరంలో ఏదడిగినా పాత పేజీ లింకు ఒకటి మొహాన పడుతుంటే విసుగెత్తి, ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. పేరు 'రైల్‌బాట మిత్రులు'. ఎవరైనా ఎలాగైనా అడగొచ్చు. నిమిషంలో జవాబు. శీర్షికలు దిద్దేవాళ్లు లేరు.

గ్రూపు వానాకాలం వాగులా పెరిగింది. ఫోరం ఎండిపోయింది. గ్రూపులో జవాబులతో పాటు పండగ శుభాకాంక్షలు, పుట్టినరోజు కేకులు, శంకర్‌పల్లి ప్లాట్ల ప్రకటనలు, ప్లాట్లు పెట్టినవాణ్ణి తిట్టేవాళ్లు, తిట్టినవాళ్లని సముదాయించేవాళ్లు కూడా వచ్చారు. రోహిణికి అది సందడిగా, ఇష్టంగానే ఉండేది. పొద్దున లేవగానే ఎవరో ఒకరు పలకరించేవారు. ఫోరంలో అదెక్కడుంది? అక్కడికి వెళితే ఆదివారం పూట బ్యాంకులోకి వెళ్లినట్టుండేది.

శ్రీనివాసులు గారూ గ్రూపులో చేరారు. చేరి ఊరుకోలేదు. ఎవరు ఏమడిగినా "ఇది పోయిన నెల వచ్చింది, ఇదిగో" అని ఫోరం లింకు పెట్టేవారు. జనం ఆయనకి 'లింకుల సారు' అని పేరు పెట్టారు. ఒకరోజు కొత్తగా చేరినతను ఒకడు, తన సిగ్నల్ ఎప్పుడూ ఎర్రగానే ఎందుకుంటోందని అడిగాడు. ఈయన లింకు పెట్టారు. కింద ఎవరో లింకుల సారు వచ్చారు, నోట్సు రాసుకోండన్నారు. ఆ కింద వరసగా నవ్వు బొమ్మలు. ఈయన ఊరుకోవచ్చు కదా. నవ్వు బొమ్మలు వేరే చోట పెట్టుకోమనీ, ప్రశ్న కింద పెడితే రేపు వెతుక్కునేవాడికి జవాబు దొరకదనీ రాశారు. దాంతో గొడవ లేచింది. ఆయనన్నా ఉండాలి, మేమన్నా ఉండాలి అని కొందరు రోహిణిని నిలదీశారు. ఆమె జర సేపు ఆలోచించి, ఆయన పేరు మీద వేలు నొక్కి తీసేసింది. ఆ సందట్లో లింకు పైకి కొట్టుకుపోయింది, సిగ్నల్ కుర్రాడికి ఇంకెవరూ జవాబు చెప్పలేదు. అతను మళ్లీ అడగనూ లేదు.

మర్నాడు ఆఫీసులో ఆమె ఆయన బల్ల వైపు వెళ్లకుండా చుట్టు తిరిగి తన సీటుకి చేరింది. ఆయన మాత్రం ఎప్పటిలాగే వచ్చి, ఎప్పటిలాగే టిఫిన్ డబ్బాలోంచి బొరుగుల ఉగ్గాని ఆమె మూతలో పెట్టారు. పని మాటలన్నీ అయ్యాక ఒక్క మాటన్నారు.

"తీసేస్తే తీసేసినావులేమ్మా. కారణం ఒక్క వాక్యం రాసింటే బాగుండేది. రేపు ఎవరన్నా అడిగితే తెలుస్తుంది కదా."

ఆమెకి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. మూతలోని ఉగ్గాని తినేసింది.

రోహిణి పెదనాన్న రామచంద్రం రైల్వేలో ఇంజన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి బలం తగ్గింది. దవాఖానలో వేళ్లకి పని చెప్పమన్నారు. రబ్బరు బంతి ఇస్తే రెండు రోజులు నొక్కి, ఇదేం పనని మూలకి విసిరేశాడు. అప్పుడు రోహిణి ఆయన ముందు రైల్‌బాట పెట్టింది. ఇగ ఆయన లేవలేదు. లింగంపల్లి నుంచి వికారాబాద్ దాకా తను బండి నడిపిన లైనంతా ఒంకర వేళ్లతో మౌసు పట్టుకుని మెల్లమెల్లగా కట్టాడు. ఇప్పుడున్నట్టు కాదు, ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడున్నట్టు. అపార్టుమెంట్లు లేవు. ఎక్కడ బండరాళ్లు ఉండేవో అక్కడ బండరాళ్లు, ఎక్కడ జొన్న చేలుండేవో అక్కడ జొన్న చేలు. స్టేషన్ల పేర్లన్నీ తెలుగులో రాసుకున్నాడు. నార్సింగిలో చుట్టూ మేడలు లేచి ఎండ పడని తన గదిలో, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి ఆ లైను మీద ఆయన బండి తిరిగేది.

ఒక వారం మధ్యలో రైల్‌బాటకి కొత్త వెర్షన్ వచ్చింది. ఆ ఆదివారం పొద్దున రోహిణే దాన్ని పెదనాన్న కంప్యూటర్లో ఎక్కించింది. ఎక్కించాక లైను తెరుచుకోలేదు. నల్లటి తెర, దాని మీద అర్థం కాని ఒక వాక్యం. రామచంద్రం ప్లాట్‌ఫారం మీద బండి కోసం చూసేవాడిలా ఆ తెరవైపే చూస్తూ కూర్చున్నాడు.

రోహిణి గ్రూపులో రాసింది. నిమిషంలో జవాబులు వస్తాయన్న మాట అబద్ధం కాదు. ఒకరు మళ్లీ ఎక్కించమన్నారు. ఒకరు ఎక్కించొద్దన్నారు. ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. తనకీ ఇలాగే అయిందని ఒకరు రాశారు గానీ, ఎలా బాగైందో రాయలేదు. అందరికంటే ధీమాగా ఒకాయన, పాత ఫోల్డరు మొత్తం తీసేస్తే సరిపోతుందన్నాడు. దాని కిందే ఎవరిదో పెళ్లిరోజు వచ్చిపడింది. శుభాకాంక్షల వరదలో రోహిణి ప్రశ్న పైకి, ఇంకా పైకి కొట్టుకుపోయింది.

ఆమె ఫోల్డరు మీద మౌసు పెట్టింది. పక్కనుంచి పెదనాన్న మెల్లగా అడిగాడు.

"అది తీసేస్తే మళ్లొస్తదా బిడ్డా?"

ఆ సంగతి గ్రూపులో ఎవరూ రాయలేదు. ఆమె మౌసు వదిలేసి, ఫోన్లో ఆ అర్థం కాని వాక్యాన్ని ఉన్నదున్నట్టు కొట్టి ఇంటర్నెట్‌లో వెతికింది. వచ్చింది ఒక్కటే పేజీ. శ్రీనివాసులు గారి ఫోరం. 'స్టేషన్ల పేర్లు తెలుగులో ఉన్న పాత లైను కొత్త వెర్షన్‌లో తెరుచుకోవడం లేదు' అని శీర్షిక. అడిగినవారు: మిత్రుల గ్రూపులో ఒంగోలు నుంచి ఒకరు. కింద ఆయన జవాబు ఇలా మొదలైంది. 'ముందుగా ఏ ఫోల్డరూ తీసేయకండి. మీ లైను ఎక్కడికీ పోలేదు. భయపడకండి.'

ఆ తర్వాత ఏం చేయాలో ఒక్కొక్కటిగా, కొత్తవాళ్లకి కూడా అర్థమయ్యేలా ఉంది. తను కూడా తెలుగు పేర్లతో ఒక చిన్న లైను కట్టి, కావాలని చెడగొట్టి, మళ్లీ బాగుచేసి చూశాననీ, అందువల్ల ఇది పనిచేస్తుందని చెప్పగలననీ రాశారు. రోహిణి ఆ ప్రకారమే చేసింది. తెర మీద లింగంపల్లి వచ్చింది, బండరాళ్లు వచ్చాయి, జొన్న చేలు వచ్చాయి. రామచంద్రం గట్టిగా ఊపిరి వదిలి, భార్య భూలక్ష్మిని పిలిచి, చాయ్ పెట్టమన్నాడు.

చాయ్ తాగుతూ రోహిణి ఫోరంలో ఇంకా తిరిగింది. పేజీల తరబడి తన గ్రూపు ప్రశ్నలే. ఎవరూ పట్టించుకోనివి, కేకుల కింద పడి నలిగినవి, ఒకసారి అడిగి సిగ్గుపడి ఊరుకున్నవాళ్లవి. ఒక్కొక్క దానికీ ఒక పేజీ, ఒక మంచి శీర్షిక, ఒక జవాబు. ఎర్ర సిగ్నల్ కుర్రాడిది కూడా ఉంది. ఆశ్చర్యమేమిటంటే, చాలా వరకు ఆయన్ని గ్రూపులోంచి తీసేశాక రాసినవి. ఆయనకి ఆ ప్రశ్నలు ఎలా తెలుస్తున్నాయి?

ఆ సాయంత్రమే శేరిలింగంపల్లిలో ఆయన ఇంటికి వెళ్లింది. తలుపు తీసింది హరిత. రోహిణి సంగతంతా చెప్పి, అదెలా కుదిరిందని అడిగితే హరిత నవ్వుతూ తన ఫోను చూపించింది. మిత్రుల గ్రూపులో రోజూ పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టే 'హరిత ఆంటీ' శ్రీనివాసులు గారే.

"ఊరికే చూస్తా కూర్చుంటే అనుమానమొస్తుందని పువ్వు పెడతాడు. ఆ పువ్వు ఏరేదానికి అరగంట పడుతుంది తల్లీ. ఈ గులాబీ ముందెప్పుడన్నా పంపినామేమో అని వెనక్కి పోయి చూసుకోవాలంట."

శ్రీనివాసులు గారు లోపలి గదిలోంచి వచ్చి, దొంగతనం బయటపడ్డవాడిలా సోఫా అంచున కూర్చున్నారు. రోహిణి తీసేసినందుకు క్షమించమంది. మళ్లీ చేరుస్తానంది. మీకింత ఓపిక ఉంటే, అడిగినవాళ్లకి అక్కడికక్కడ జవాబు చెప్పక ఆ లింకుల బాధ ఎందుకు పడుతున్నారని కూడా అడిగింది.

ఆయన ఈసారి ఎదురు ప్రశ్న వేయలేదు. ప్రొద్దుటూరు నుంచి కొత్తగా హైదరాబాద్ వచ్చినప్పుడు తనకి ఇంగ్లీషు మాట రావడమే కష్టంగా ఉండేదనీ, ఆఫీసులో ఏది అర్థం కాకపోయినా నోరు తెరిచి అడగలేకపోయేవాడననీ చెప్పారు. పక్కవాళ్లు నవ్వుతారేమోనని భయం. ఇంటర్నెట్‌లో వెతికితే, ఎక్కడో ఎవరో మొహం తెలియని మనిషి అదే తెలివితక్కువ ప్రశ్న ముందే అడిగి ఉండేవాడు. ఇంకెవరో ఓపిగ్గా జవాబు చెప్పి ఉండేవాడు. వాళ్లిద్దరి పుణ్యాన తన ఉద్యోగం నిలబడింది.

"అడిగేటోళ్లకి ఎవరో ఒకరు చెప్తారమ్మా," అన్నారు. "అడగలేనోళ్లు ఉంటారు చూడు, వాళ్ల కోసం రాస్తా."

తన గ్రూపులో మాట్లాడేవాళ్లే రోహిణికి ఎప్పుడూ కనిపించారు. నోరు మెదపకుండా చదివేవాళ్లు ఎంతమందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఇక నుంచి జవాబు రాని ప్రశ్నలన్నీ తానే ఏరి ఫోరంలో పెడతానంది. తన సొంత పేరుతో గ్రూపులోకి రావడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. లింకుల సారుంటే జనం అడగడానికి జంకుతారనీ, హరిత ఆంటీ ముందు ఎవరికీ మొహమాటం ఉండదనీ అన్నారు. మొన్న ఒకతను పట్టాల సంగతితో పాటు జ్వరానికి కషాయం కూడా అడిగాడట. అది వేరే విషయం కాబట్టి విడిగా అడగమని చెప్పారట.

తర్వాతి వారం రామచంద్రం పట్టుబట్టి ఆయన్ని నార్సింగికి పిలిపించాడు. సారు పుణ్యాన బాగైన తన లైను మీద సారే ఒకసారి బండి నడపాలని ఆయన కోరిక. కుర్చీ ఖాళీ చేసి కూర్చోబెట్టాడు. శ్రీనివాసులు గారు కూర్చుని, తెర వైపు, మీటల వైపు చూసి, కళ్లజోడు సర్దుకున్నారు. తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"జవాబులు రాసేదానికే సరిపోయిందండీ," అన్నారు చివరికి. "నేనెప్పుడూ బండి నడిపింది లేదు."

రోహిణి ఆయన హాస్యమాడుతున్నారేమోనని మొహంలోకి చూసింది. రామచంద్రానికి మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు. బండి కదిలించడం చూపించాడు. లింగంపల్లి దాటింది, నాగులపల్లి దాటింది. శంకర్‌పల్లిలో ఆగాల్సిన బండి ప్లాట్‌ఫారాన్ని పలకరించకుండా దాటుకుని వెళ్లి జొన్న చేల మధ్య ఆగింది. దిగేటోళ్లు చేన్ల దిగాలె అన్నాడు రామచంద్రం. మళ్లీ వెనక నుంచి తీసుకొచ్చారు. మళ్లీ చేలే.

శ్రీనివాసులు గారు పక్కకి తిరిగి, చిన్న తరగతి పిల్లాడిలా అడిగారు.

"బ్రేకు ఎక్కడ వేయాలండీ?"

ఆయన తనకి తెలియని విషయం ఒకటి నోరు తెరిచి అడగడం రోహిణి అదే మొదటిసారి వినడం. రామచంద్రం తన కుడిచేతిని, ఆ ఒంకర వేళ్లని ఆయన చేతి మీద పెట్టాడు.

"జర ముందుగాల్నే ఎయ్యాలె సారు. స్టేషన్ కనబడ్డంక ఏస్తే ఆగదు. ఫికర్ చెయ్యకుండ్రి, మళ్ల తీస్కరండ్రి."

మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి వేళ్ల మీద వేళ్లు మెల్లగా నొక్కాయి. బండి వేగం తగ్గింది, ఇంకా తగ్గింది, శంకర్‌పల్లిలో ఆగింది. సగం పెట్టెలు ప్లాట్‌ఫారం మీద ఉన్నాయి, సగం ముందుకి పోయాయి. శ్రీనివాసులు గారు తప్పు చేసినవాడిలా ఆయన వైపు చూశారు.

రామచంద్రం తెరని పరీక్షగా చూసి తలూపాడు.

"సగం మందైతే దిగిండ్రు," అన్నాడు. "ఇయ్యాల్టికి చాలు."